అతిగా తినేవారందరికీ ఉపవాసం మందు కాదు

మితాహారం మేలని చెప్పని వైద్యగ్రంథం లేదు. అతిగా తినవద్దని చెప్పని పెద్దవారూ లేరు. అయినా ముప్పై ఏళ్ళుగా రోగుల నాడి చూస్తున్న నేను ఆలస్యంగా గ్రహించిన ఒక సంగతిని పాఠకుల ముందు ఉంచదలచాను. అతిగా తినేవారందరూ నాలుకకు లొంగి తినడం లేదు. వారిలో కొందరు మనసులోని బాధ భరించలేక తింటున్నారు. అటువంటివారికి మనం ఇచ్చే సలహా, అది ఇంట్లోవారు ఇచ్చినదైనా నావంటి వైద్యులు ఇచ్చినదైనా, అనేక సందర్భాలలో బాధను తగ్గించకపోగా పెంచుతున్నది. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఒకటే. ఆ తప్పు నేను స్వయంగా చేశాను.

తాండూరులో ఒక అనుభవం

నా నివాసం వికారాబాదు. వారానికి ఒకరోజు రైలులో తాండూరు వెళ్ళి, ఒక మిత్రుని మందుల దుకాణం వెనుక గదిలో రోగులను చూస్తాను. నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లలో పనిచేసేవారు, కంది రైతులు, చిన్న ఉద్యోగుల ఇళ్ళలోని స్త్రీలు వస్తుంటారు. కొన్నేళ్ళ క్రితం నలభై ఏళ్ళకు చేరువైన గృహిణి ఒకామె కడుపు మంట, గ్యాసు, బరువు పెరగడం అనే మూడు బాధలతో వచ్చింది. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చి వ్రాస్తున్నాను.

నాడి చూశాను, నాలుక చూశాను. "రాత్రి భోజనం మానివేయండి. ఉదయం పలుచని జావ మాత్రమే తీసుకోండి. ఆకలి వేస్తే జీలకర్ర నీళ్ళు త్రాగండి" అని చెప్పి పంపాను. వేలమందికి చెప్పిన సలహాయే అది. ఆమె తల ఊపి వెళ్ళింది. రెండవసారి వచ్చినప్పుడు బరువు మరికొంత పెరిగింది. "మీరు పథ్యం పాటించడం లేదు" అని కొంచెం కఠినంగానే అన్నాను. మూడవసారి ఆమె రాలేదు.

మరి రెండు నెలలకు ఆడపడుచు వెంటబెట్టుకుని వచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళు పీకుతున్నాయి, నిలబడితే నీరసం. అడగగా అడగగా, రోజూ రాత్రి సునాముఖి చూర్ణం వేసుకుంటున్నదని తెలిసింది. ఎందుకని అడిగితే ఆమె ఆడపడుచును కాసేపు బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "సార్, పగలంత మీరు చెప్పినట్టే ఉంటున్న. రాత్రి అందరు పండుకున్నంక వంటింట్లకు పోతున్న. అన్నం, కారప్పూస, పిల్లల బిస్కట్లు, ఏది దొరికితే అది. ఆకలైతలేదు సార్. అయినా నా చెయ్యి నా మాట ఇంటలేదు. దీపం గూడ పెట్టుకోను, ఎవరన్న చూస్తరని."

చీకట్లో కూర్చుని రుచి కూడా తెలియకుండా తినే మనిషికి జిహ్వచాపల్యం అని పేరు పెట్టడం సరికాదని నాకు ఆనాడు అర్థమయింది.

ఇది తిండిపోతుతనం కాదు

మన భాషలో ఈ బాధకు సరైన పేరు లేదు. ఉన్నవన్నీ తిట్లే. ఆధునిక వైద్యంలో దీనిని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1959లోనే ఈ రకపు తిండిని వర్ణించినప్పటికీ, అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా తన గ్రంథంలో చేర్చింది 2013లో మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఇది 2022 నుండి అమలులో ఉన్నది.

పండుగనాడు రెండు బూరెలు ఎక్కువ తినడం ఈ వ్యాధి కాదు. పెళ్ళి భోజనంలో కడుపు నిండిన తరువాత కూడా మరొక గరిటె వడ్డించుకోవడం ఈ వ్యాధి కాదు. కొద్ది సమయంలో, రెండు గంటలలోపు అనుకుందాం, ఇతరులు తినగలిగినదానికంటే స్పష్టంగా ఎక్కువ తినడం, ఆ సమయంలో తనను తాను ఆపుకోలేకపోతున్నానని అనిపించడం దీని ముఖ్య లక్షణాలు. దానికి తోడు మామూలుకంటే వేగంగా తినడం, కడుపు ఉబ్బి బాధపడేవరకు తినడం, ఆకలి లేకుండా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్న తరువాత తనపై తనకు అసహ్యం కలగడం అనే ఐదింటిలో కనీసం మూడు కనిపించాలి. వారానికి ఒక్కసారైనా, మూడు నెలలపాటు ఇలా జరుగుతూ ఉంటే వైద్యులు దీనిని వ్యాధిగా పరిగణిస్తారు. తిన్నదానిని పోగొట్టుకోవడానికి వాంతి చేసుకోవడం, విరేచనకారి మందులు వాడడం కూడా తరచుగా ఉంటే అది బులీమియా అనే మరొక వ్యాధి అవుతుంది. దానిని 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు వర్ణించాడు. తాండూరు గృహిణి సునాముఖి డబ్బాతో ఆ రెండవ దారిలో అడుగుపెట్టి ఉన్నది.

ఆయుర్వేదం చెప్పిన భస్మక రోగం వేరు. అందులో జఠరాగ్ని మితిమీరి, తిన్నది తిన్నట్టే దహించి, మళ్ళీ మళ్ళీ నిజమైన ఆకలి పుడుతుంది. చక్కెర వ్యాధి, థైరాయిడ్ అధికంగా పనిచేయడం, స్టెరాయిడు మాత్రలు వాడడం వంటి కారణాల వల్ల ఆకలి పెరిగినవారి సంగతి కూడా వేరు. అందుకే మొదట రక్తపరీక్షలు చేయించడం అవసరం. నేను చెబుతున్నది ఆకలి లేని తిండి గురించి.

ఈ బాధ స్త్రీలకే పరిమితం కాదు, లావుగా ఉన్నవారికే పరిమితం కాదు. వికారాబాదులో గది అద్దెకు తీసుకుని పోటీపరీక్షలకు చదువుకుంటున్న ఒక యువకుడు నా వద్దకు మలబద్ధకమని వచ్చాడు. సన్నగా ఉంటాడు. నమూనా పరీక్షలో మార్కులు తగ్గిన ప్రతిరోజూ సాయంత్రం గదికి తలుపు వేసుకుని, తెచ్చుకున్న మిర్చీ బజ్జీలు, రొట్టెలు, మిఠాయి అంతా ఒక్క గంటలో ముగిస్తాడు. మరునాడంతా పస్తు. ఊరి నుండి తండ్రి ఫోనులో "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగితే తిన్నానని అబద్ధమాడతాడు. అతనిని చూసి ఎవరైనా తిండిపోతు అంటారా?

అణచరాని వేగాలు, అణచవలసిన వేగాలు

ఈ ఇద్దరినీ చూసిన తరువాత నేను చదువుకునే రోజులలో కంఠస్థం చేసి మరచిపోయిన ఒక అధ్యాయాన్ని మళ్ళీ తెరిచాను. చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం అది. అణచిపెట్టకూడని పదమూడు వేగాలను అక్కడ ఆచార్యుడు వివరించాడు. మలమూత్రాలు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, నిద్ర మొదలైనవాటితోపాటు ఆకలి ఆ పట్టికలో ఉన్నది. కన్నీరు కూడా ఉన్నది.

ఆకలిని అణచితే శరీరం శుష్కించడం, బలహీనత, రంగు మారడం, ఒళ్ళు నొప్పులు, అరుచి, తల తిరగడం కలుగుతాయని, అప్పుడు స్నిగ్ధమైన, వేడియైన, తేలికయైన భోజనం పెట్టాలని అక్కడ చెప్పబడింది. కన్నీటిని అణచితే జలుబు, కంటి జబ్బులు, గుండె జబ్బు, అరుచి, తల తిరగడం వస్తాయని, దానికి నిద్ర, మద్యం, ప్రియమైన మాటలు చికిత్స అని చెప్పబడింది. మద్యం సంగతి నేను ఎవరికీ చెప్పను. కాని ప్రియమైన మాటలను మందుల సరసన కూర్చోబెట్టిన ఆ దృష్టికి మాత్రం నమస్కరిస్తాను.

అదే అధ్యాయంలో, తప్పక అణచవలసిన వేగాల పట్టిక మరొకటి ఉన్నది. మనసుకు సంబంధించినంతవరకు లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైనవి అందులో ఉన్నాయి. శోకాన్ని అణచడమంటే కన్నీటిని మింగడం అని అర్థం చేసుకోరాదు. కన్నీటిని వదలమన్న ఆచార్యుడే శోకాన్ని పట్టుకోమన్నాడు. అంటే, దుఃఖం వచ్చినప్పుడు ఏడవవచ్చును గాని, ఆ దుఃఖం మన చేత చేయకూడని పని చేయించకుండా చూసుకోవాలని నేను గ్రహించిన భావం.

ఇప్పుడు మన రోగి ఏమి చేస్తున్నదో చూడండి. అణచరాని ఆకలిని పగలంతా అణచింది. అణచరాని కన్నీటిని ఏడాదిగా అణచింది. పట్టి ఉంచవలసిన శోకానికి మాత్రం రాత్రిపూట వంటిల్లు అప్పగించింది. ఆకలిని అణచే పనిలో నేనూ నా సలహాతో ఆమెకు తోడు నిలిచాను.

ఆ కన్నీటి సంగతి తరువాత చెప్పింది. ఆమె తల్లి పల్లెలో మంచం పట్టి పోయింది. కడసారి చూపు దక్కలేదు. కర్మలు ముగిసిన కొద్ది రోజులకే అత్తవారింట మరిది పెళ్ళి. పెళ్ళింట్లో ఏడవకూడదని పెద్దలు చెప్పారు. ఆమె ఏడవలేదు. ఆ వారంలోనే ఒక రాత్రి, పెళ్ళికి చేసిన లడ్డూల గంప పక్కన కూర్చుని మొదటిసారి అలా తిన్నది.

పస్తు ఎందుకు పనిచేయదు

ఇక్కడ ఆధునిక శాస్త్రం చెప్పే మాట మన శాస్త్రం చెప్పే మాటకు దగ్గరగా వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులపై ఒక పరిశీలన జరిపాడు. యుద్ధంలో పాల్గొనడం తమ మనస్సాక్షికి విరుద్ధమని, ఈ సేవకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు వారు. 24 వారాలపాటు వారికి అలవాటైన ఆహారంలో సుమారు సగం మాత్రమే పెట్టారు. కొద్ది రోజులకే వారికి తిండి తప్ప మరొక ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు. చిరాకు, దిగులు పెరిగాయి. ఆ తరువాత మళ్ళీ కావలసినంత తిండి దొరికినప్పుడు వారిలో కొందరు కడుపు పట్టనంత తిన్నారు. కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు.

వారు తిండిపోతులు కారు, మనోబలం లేనివారూ కారు. నమ్మినదాని కోసం ఆకలిని భరించడానికి సిద్ధపడినవారు. బలవంతపు ఆకలి ఎంతటి నిగ్రహవంతుని మనసునైనా తిండి చుట్టూ తిప్పుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక ఈ వ్యాధి ఒక రోజులో ఎలా తిరుగుతుందో చెబుతాను. ఉదయం నిన్నటి తిండికి సిగ్గు. ఆ సిగ్గుతో ఈ రోజు ఏమీ తినకూడదని కఠినమైన నిశ్చయం. మధ్యాహ్నానికి ఆకలి, దానిని నీళ్ళతోనో టీతోనో అణచడం. సాయంత్రం ఎవరో అన్న ఒక మాట, లేదా ఒంటరితనం, లేదా గుర్తుకు వచ్చిన ఒక నష్టం. రాత్రి శరీరపు ఆకలి, మనసు బాధ రెండూ కలిసి ఒక్కసారి గట్టు తెంచుకోవడం. తింటున్నంతసేపు ఏ ఆలోచనా ఉండదు. అదే అందులోని ఉపశమనం. తినడం ముగియగానే సిగ్గు. మరునాడు మళ్ళీ మొదలు. ఈ చక్రంలో మనం సులభంగా చేయి వేసి ఆపగలిగిన చోటు ఉదయపు పస్తు. మనం ఏమి చేస్తున్నాము? అక్కడే మరింత బలంగా తోస్తున్నాము.

పస్తున్న ప్రతివారికీ ఈ వ్యాధి రాదు. ఇది కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వచ్చే స్వభావాన్ని బట్టి కూడా ఉంటుంది. బాల్యంలో అనుభవించిన అవమానాలు, హింస, తిండికి కరువైన రోజులు, శరీరాకృతిపై ఎగతాళి, నిద్రలేమి, దిగులు వ్యాధి ఇవన్నీ దోహదం చేస్తాయి.

మన ప్రాంతపు మనసు

వికారాబాదు పక్కన అనంతగిరి కొండలమీద నిజాం కాలంలో వెలసిన క్షయ ఆరోగ్యశాల గురించి ఇక్కడి పెద్దలకు తెలుసు. క్షయకు మందు లేని రోజులలో విశ్రాంతి, కొండగాలి, బలమైన ఆహారం, ఇవే ఆరోగ్యశాలల చికిత్స. రోగి బరువు పెరిగితే బ్రతుకుతాడని ఆశ. కరువులు చూసిన నేల ఇది. అందువల్ల ఇక్కడ ప్రేమను చెప్పే మొదటి మాట "అన్నం తిన్నవా?" ఏడ్చే పిల్లవాని నోట్లో బెల్లంముక్క పెట్టి ఊరడించని తల్లి ఉంటుందా? అటువంటి చోట దుఃఖం కలిగినప్పుడు చేయి గిన్నె వైపు పోవడం వింత కాదు. అది దోషమూ కాదు. దుఃఖానికి ఉన్న ఒకే ఒక్క ఊరట అదైనప్పుడు వ్యాధిగా మారుతున్నది.

మరొకవైపు, అదే మనం పెళ్ళిళ్ళలో ఎదురుపడగానే "ఏంది, ఇంత లావైనవు?" అని పలుకరిస్తాము. తినకపోతే నొచ్చుకుంటాము, తింటే వెక్కిరిస్తాము. ఈ రెండింటి మధ్య నలిగినవారు చీకట్లో తినడం నేర్చుకుంటున్నారు.

కొన్ని ఆక్షేపణలు

నా తోటి వైద్యులు కొందరు ఈ మాటలకు అభ్యంతరం చెప్పవచ్చును. స్థౌల్యానికి కారణాలు చెబుతూ చరకుడు చింత లేకపోవడాన్ని కూడా చేర్చాడు గదా, లావుగా ఉన్నవారికి దిగులేమిటని అడుగుతారు. ఆ మాట సత్యమే. కాని అది స్థౌల్యానికి ఒక కారణం గురించి చెప్పిన మాట. ప్రతి లావుపాటి మనిషికీ చింత లేదని ఆయన చెప్పలేదు. పైగా విమానస్థానంలో, చింత, శోకం, భయం, క్రోధం, నిద్రలేమి ఉన్నప్పుడు తగిన మోతాదులో తిన్న హితాహారం సైతం జీర్ణం కాదని ఆయనే చెప్పాడు. కడుపులో ఏముందో చూసే ముందు మనసులో ఏముందో చూడాలనడానికి అంతకంటే ఆధారం ఏమి కావాలి?

ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రోగి అని సామెత ఉన్నది గదా అని ఇంకొందరు అంటారు. ఆ సామెత యోగికి చెల్లుతుంది. తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికీ వండి, మధ్యాహ్నం దాకా మెతుకు ముట్టని ఇల్లాలు యోగి కాదు, అలసిన మనిషి. ఏకాదశి అయినా, రంజాను రోజా అయినా, భక్తితో చేసే ఉపవాసాన్ని నేను తప్పుపట్టడం లేదు. తన దేహంపై కోపంతో తనకు తాను విధించుకునే పస్తు వేరు. ఈ వ్యాధి ఉన్నవారు మాత్రం కోలుకునేవరకు ఏ రకపు ఉపవాసమైనా వైద్యుని అడిగి చేయడం మంచిది.

మనోనిగ్రహం ఉంటే చాలును గదా అని మూడవ ఆక్షేపణ. ఈ రోగులలో నిగ్రహం తక్కువ కాదు. పగలంతా వారు చూపే నిగ్రహం నాకు లేదు. ఆ నిగ్రహాన్ని ఆకలిమీద ఖర్చు చేయడమే పొరపాటు.

మన చిట్కాలు చేయగలిగినది, చేయలేనిది

ఇటువంటి పత్రికలలో బరువు తగ్గే చిట్కాలు వ్రాసినవారిలో నేనూ ఒకడిని. జీలకర్ర నీళ్ళు, అల్లం కలిపిన పలుచని మజ్జిగ, వాము, గోరువెచ్చని నీరు, ఇవి ఉబ్బరానికి, అజీర్తికి కొంత ఉపశమనం ఇస్తాయి. వాటిని ఆకలి చంపడానికి వాడమని చెప్పడం తప్పు. సునాముఖి వంటి విరేచనకారులను రోజూ వాడితే శరీరంలోని నీరు, లవణాలు పోయి నీరసం వస్తుంది. లవణాలు మరీ పడిపోతే గుండె లయ తప్పవచ్చును. పేగులు వాటికి అలవాటు పడి మలబద్ధకం ముదురుతుంది. పైగా వాటివల్ల పోయేది ఎక్కువగా నీరే గాని కొవ్వు కాదు. ఏ చూర్ణమూ దుఃఖాన్ని విరేచనం చేయలేదు.

మన శాస్త్రంలో మనసుకు చికిత్స లేకపోలేదు. చరకుడు చెప్పిన మూడు రకాల చికిత్సలలో సత్త్వావజయం ఒకటి. మనసును అహితమైన విషయాల నుండి మళ్ళించి నిలబెట్టడం దాని సారం. నేటి మానసిక నిపుణులు ఈ వ్యాధికి ఇచ్చే చికిత్సలలో బాగా పరీక్షకు నిలిచినది, ఆలోచననూ ప్రవర్తననూ సరిదిద్దే మాటల చికిత్స. ఈ రెండూ ఒకటేనని నేను అనను. కాని రెండింటి చూపూ ఒకే వైపు ఉన్నది.

ఏమి చేయాలి?

నా అనుభవంలోనూ, నిపుణులతో మాట్లాడిన మీదటనూ మేలని తెలిసినవి ఇవి.

1. మొదట పస్తు మానాలి. పగలు వేళకు మూడుసార్లు, అవసరమైతే మధ్యలో ఒకటి రెండుసార్లు కొద్దిగా తినాలి. నిన్న రాత్రి అతిగా తిన్నా సరే, ఈ ఉదయపు ఆహారం మానరాదు. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు కలిసిన భోజనం చాలాసేపు నిలుస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కంది మన తాండూరుది. పగటిపూట కడుపు నింపడానికి దూరం వెళ్ళనక్కరలేదు.

2. ఒక చిన్న పుస్తకంలో ఏ వేళ, ఎక్కడ, ఏమి తిన్నదీ, దానికి ముందు మనసు ఎలా ఉన్నదీ రెండు ముక్కలు వ్రాసుకోవాలి. తిట్టుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి. రెండు వారాలకు తన బాధ ఏ గంటకు తలుపు తడుతుందో తెలుస్తుంది. ఆ గంటకు ముందే నడకకు పోవడం, ఒకరితో మాట్లాడడం, స్నానం చేయడం వంటివి ఏర్పాటు చేసుకోవచ్చును.

3. ఏ పదార్థాన్నీ శాశ్వతంగా నిషేధించుకోరాదు. నిషేధించినదే రాత్రి కలలోకి వస్తుంది. నలుగురితో కూర్చుని, వెలుతురులో, పళ్ళెంలో పెట్టుకుని తినాలి.

4. నిద్రను కాపాడుకోవాలి. రోజూ త్రాసు ఎక్కడం మానాలి.

5. నమ్మకమైన ఒక్క మనిషికైనా సంగతి చెప్పాలి. రహస్యం ఉన్నంతకాలం ఈ వ్యాధికి బలం.

6. ఇంట్లోవారు గిన్నెలు లెక్కపెట్టరాదు, వంటింటికి తాళం వేయరాదు, పదిమందిలో ఎగతాళి చేయరాదు. "ఎందుకు తిన్నావు?" అని అడిగేకంటే "ఏమైంది?" అని అడగడం మేలు.

చక్కెర వ్యాధికి మందులు వాడేవారు, గర్భిణులు, వాంతులు విరేచనాలు చేసుకుంటున్నవారు ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. దిగులు వదలనివారు, బ్రతుకు మీద విరక్తి కలిగినవారు మానసిక వైద్యుని వద్దకు వెళ్ళాలి. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది. ఆ పేరు వినగానే పిచ్చి అనుకునే అలవాటు మనకు పోవాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. వికారాబాదులో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తున్నది. వైద్యం దగ్గరికి వచ్చింది. ఈ బాధతో దాని గడప తొక్కడానికి సిగ్గు అడ్డం రాకుండా చూడవలసినవారం మనం.

ముగింపు

తాండూరు గృహిణికి మొదట సునాముఖి మాన్పించి, రక్తపరీక్షలు చేయించి, లవణాలు సరిచేసే వైద్యం అందేటట్లు చూశాను. తరువాత ఆమె భర్తను పిలిచి ఆమె అనుమతితో సంగతి చెప్పాను. అతడు కోపగించుకుంటాడని ఆమె భయపడింది. అతడు చాలాసేపు ఊరకున్నాడు. చివరకు "రాత్రి లేచినప్పుడు నన్ను గూడ లేపకపోయినవా?" అని మాత్రం అన్నాడు. హైదరాబాదులో మానసిక వైద్యురాలి వద్దకు కొన్ని నెలలు ఇద్దరూ రైలులో వెళ్ళి వచ్చారు. ఆమె తల్లి సంవత్సరీకానికి పుట్టింటికి పోయి, అక్కడ తనివితీరా ఏడ్చి వచ్చినట్లు చెప్పింది.

బరువు పెద్దగా తగ్గలేదు. ఇప్పటికీ ఎప్పుడైనా ఒక రాత్రి వంటింట్లోకి పోతున్నది. అయితే, దీపం వెలిగించుకుని పోతున్నానని చెప్పింది. మరునాడు ఉదయం మానకుండా రొట్టె తింటున్నది. వైద్యునిగా నాకు ఆ రొట్టె ముఖ్యం.

నేను మొదటిరోజు ఆమెను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. "ఏమి తింటున్నారు?" అని అడిగాను గాని, "ఈ ఏడాది మీ ఇంట్లో ఏమి జరిగింది?" అని అడగలేదు. ఆనాటి నుండి తాండూరు గదిలో పథ్యం చీటీ వ్రాసే ముందు ఆ రెండవ ప్రశ్న అడుగుతున్నాను. దీనికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బయట వేచి ఉన్నవారు విసుక్కుంటారు. అయినా అడగమని తోటి వైద్యులను కోరుతున్నాను. ఈ బాధ అనుభవిస్తున్న పాఠకులకు నా విన్నపం ఒకటే. రేపు ఉదయం పస్తుండకండి.